శాంతయ్య కోతికి గొంతు పోయిన కేసు

"జగ్గయ్యపేట మొదలు కీసర దాకా, హైదరాబాదు రోడ్డుకి అటుపక్కా ఇటుపక్కా ఇక నేరమన్నది బతికి బట్టకట్టదు బావా. ఈ మేధస్సు నిద్ర లేచింది. రాసి పెట్టుకో."

ఈ మాట అన్నది మా బావ జ్ఞానయ్య. అన్నది చిల్లకల్లులో మా ఇంటి వసారాలో, పొద్దున ఎనిమిదింటికి, నా వంతు ఉప్మా తింటూ. నేను రాసి పెట్టుకోలేదు. ఉప్మా ఇంకా ఉందేమోనని వంటింటి వైపు చూశాను. లేదు.

జ్ఞానయ్య మా ఆవిడ మహిమకి అన్న. జగ్గయ్యపేట అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇరవై రెండేళ్ళు సెక్యూరిటీ చేసి కిందటేడు దిగిపోయాడు. అన్నేళ్ళూ ఆయన చేసిన పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. లోపలికొచ్చే లారీల అడుగున అద్దం పెట్టి చూడటం, బయటికెళ్ళే మనుషుల క్యారేజీ మూతలు తీసి చూడటం. లారీల అడుగున ఎప్పుడూ ఏమీ దొరకలేదు. క్యారేజీల్లో ఒకసారి రెండు నట్లు దొరికాయి. అవి ఫ్యాక్టరీవి కావనీ, ఆ మనిషి సైకిలువేననీ తర్వాత తేలింది గానీ, అప్పటికే మా బావలో డిటెక్టివ్ పుట్టేశాడు. దిగిపోయే రోజున శాలువాతో పాటు పాతబడిన అద్దం కర్ర కూడా ఇచ్చి పంపారు. పొడుగాటి కర్ర, చివర పళ్ళెమంత అద్దం, దానికింద చిన్న చక్రాలు. ఆ రోజు నుంచి ఆయన అడుగున చూడని వస్తువు లేదు. మా బర్రె కింద కూడా చూశాడు. బర్రెకి నచ్చలేదు.

ఉప్మా పళ్ళెం కింద పెట్టాడో లేదో, ఆయన ఫోను మోగింది. నందిగామ నుంచి దేవమణి వదిన. వాళ్ళ పెదనాన్న కూతురు, అక్కడే బడిలో టీచరు. బావ స్పీకర్ పెట్టాడు. డిటెక్టివ్‌ల ఫోను నలుగురూ వినాలని ఆయన నమ్మకం.

"అన్నయ్యా, ఆయన గేమ్ మిషన్‌కి సౌండు పోయింది. తొమ్మిది రోజులైంది. మంచం దిగట్లేదు. నీకు తెలిసిన మెకానిక్ ఎవరన్నా..."

"ఆగు." బావ లేచి నిలబడ్డాడు. "బొమ్మ వస్తోందా?"

"వస్తోంది."

"బొమ్మ ఉంది, శబ్దం లేదు." కళ్ళు సగం మూశాడు. "చెల్లెమ్మా, సౌండు దానంతటది పోదు. ఎవరో పోగొట్టారు. ఇంట్లో ఏ వస్తువునీ కదపొద్దు. మేం బయల్దేరుతున్నాం."

మేం అంటే నా బండి, నా పెట్రోలు, నేను. మెకానిక్ కావాలని అడిగిందని గుర్తు చేద్దామనుకున్నాను. నాకు మాట్లాడాలనిపించేసరికి ఎదుటివాళ్ళు చెప్పులేసుకుంటూ ఉంటారు. ఎప్పుడూ అంతే.

మే నెల. టోల్‌గేటు దాటేసరికే రోడ్డు మీద ఎండ నీళ్ళలా మెరుస్తోంది. వెనక కూచున్న బావ అద్దం కర్రని బల్లెంలా నిలబెట్టుకున్నాడు. ఎదురొచ్చే లారీల వాళ్ళకి అద్దం కళ్ళలో కొట్టి, నందిగామ దాకా మాకు తిట్లు తక్కువ కాలేదు. "ప్రఖ్యాతి వస్తోంది బావా," అన్నాడు.

దేవమణి వదిన భర్త శాంతయ్య అన్నయ్య గురించి రెండు మాటలు చెప్పాలి. ముప్ఫై ఏళ్ళ కింద నందిగామ బస్టాండు పక్కన ఆయనకి వీడియో గేమ్‌ల కొట్టు ఉండేది. నాలుగు టీవీలు, నాలుగు మిషన్లు. కాలేజీ ఎగ్గొట్టిన పిల్లలందరికీ అదే కాలేజీ. తర్వాత సెల్‌ఫోన్లు వచ్చి కొట్టు మూతపడింది. మూడు మిషన్లు పాత సామాన్లకి పోయాయి. ఒక్కటి మిగిలింది: వెన్నరంగు డబ్బా, వైరుతో రెండు రిమోట్లు, కింది అంచున రాగి పళ్ళున్న అరచేయంత క్యాసెట్ ఒకటి. అందులో ఒకటే ఆట. కోతి ఒకటి గోతులు దూకుతూ పోతుంది.

ఆ తర్వాత షుగర్ వచ్చి ఆయన కళ్ళు తీసుకుపోయింది. అయినా ఆట మానలేదు. గొయ్యి దగ్గరికొస్తే పాట మారుతుందట. పాము వస్తే బుస్సుమంటుంది. అరటిపండు దొరికితే టింగుమంటుంది. అంతా చెవులతోనే. రోజూ పదకొండింటికి మొదలెట్టి, చూపున్న వాళ్ళు నాలుగో మెట్టులో చచ్చే ఆటని ఆయన ఏడో మెట్టు దాకా ఆడేవాడు. నేను చూశాను. టీవీ వంక కాక గోడ వంక తిరిగి, నవ్వుతూ ఆడేవాడు.

మేం వెళ్ళేసరికి గోడ వంకే తిరిగి పడుకున్నాడు. నవ్వు లేదు.

"బావా, నేనొచ్చేశా. ఇక నేరస్థుడికి ముచ్చెమటలే," అన్నాడు జ్ఞానయ్య.

"ముందు నీ చెమట తుడుచుకో. ఈడదాకా వాసనొస్తోంది," అన్నాడు శాంతయ్య, ఇటు తిరక్కుండానే.

బావ పనిలో దిగాడు. అద్దం కర్ర తోసుకుంటూ టీవీ బల్ల కింద చూశాడు. మంచం కింద చూశాడు. శాంతయ్య చెప్పుల కింద చూశాడు. బల్ల కింద ఒక మామిడి టెంక దొరికింది. దాన్ని కవర్లో వేసి నా చేతికిచ్చి, "సాక్ష్యం నంబరు ఒకటి," అన్నాడు.

దేవమణి వదిన నన్ను వంటింటి గుమ్మంలోకి పిలిచింది. "రూబెన్, మీ బావని ఆ డబ్బా విప్పనీకు. మొన్న రిపేరు షాపు దేవరాజ్‌ని పిలిపించా. స్పేర్లు ఎక్కడా రావు మేడమ్, విప్పితే మళ్ళీ బిగుసుద్దని గ్యారంటీ ఇవ్వలేనన్నాడు. అదీ పోతే ఈయన..." ఆగిపోయింది. పొయ్యి మీద ఏమీ లేకపోయినా అటు తిరిగి నిలబడింది. "తొమ్మిది రోజుల్నించి నాతో తొమ్మిది మాటలు మాట్లాడలేదు."

నేను తలూపాను. హాల్లో బావ జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, దేనికీ వాడకుండా అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"బావా, చెప్పు. ఆ దుర్దినాన ఏం జరిగింది?"

శాంతయ్య ఈసారి ఇటు తిరిగాడు. "సోమవారం పదకొండింటికి ఆన్ చేశా. చప్పుడు లేదు. అంతే. కళ్ళు పోయేటప్పుడు చెప్పి పోయాయి బావా, మూడేళ్ళు పట్టింది. ఇది చెప్పకుండా పోయింది."

బావ చేతిలో స్క్రూడ్రైవరు తిరగడం ఆగింది. అది చెప్పుకోదగ్గ విషయం.

"క్యాసెట్ పళ్ళు తుడిపించావా అన్నయ్యా?" అన్నాను.

"తుడిపించా. దేవమణి పొడిగుడ్డతో తుడిచింది. ఊదింది కూడా."

"బావా, నువ్వు వ్యవసాయదారుడివి," అన్నాడు జ్ఞానయ్య జాలిగా. "క్యాసెట్‌లో ఉండేది బొమ్మ. బొమ్మ వస్తోంది కాబట్టి క్యాసెట్ నిర్దోషి. సౌండు డబ్బాది. ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ మధ్య దీన్ని ఎవరెవరు ముట్టుకున్నారు?"

"నేనే," అంది వదిన. "ఈయన ఒక్కోసారి క్యాసెట్ తిరగేసి పెడుతున్నారని, వెనక పక్క మధ్యలో కొవ్వొత్తి బొట్టు పెట్టా. వేలితో తడిమి చూసుకుంటారు. ముందు పక్క బొమ్మ కాయితం మీద నిలవట్లేదు. క్రిస్మస్‌కి చర్చిలో ఇచ్చిన కొవ్వొత్తి ముక్క ఉంటే దాంతోనే పెట్టా. కొద్దిగా కిందికి కారింది గానీ పైపైన గోకేశా."

"రాసుకో బావా. దేవమణి, నిర్దోషి. సొంత మనుషుల్ని అనుమానించటం నా పద్ధతి కాదు." బావ కిటికీ దగ్గరికి నడిచి, కర్టెన్ సందులోంచి బయటికి చూశాడు. "ఆ పక్కింట్లో ఎవరుంటారు?"

పక్కింట్లో పున్నమ్మగారు ఉంటారు. అరవై దాటిన మనిషి, గొంతు ఇరవైది. ఆవిడ గుమ్మం ముందు, మెట్టు పక్కన, ఎండిన కొబ్బరి చిప్ప రెండు ముక్కలుగా పడి ఉంది. బావ అద్దం కర్ర దాని మీదికి నెమ్మదిగా జరిపి, అందులో చూశాడు. నేను మామూలుగా చూశాను. ఇద్దరికీ చిప్పే కనపడింది.

"అన్నయ్యా, ఆవిడ జోలికెళ్ళకు," అంది వదిన వెనక నుంచి. "ఆ కోతి రొద ఆగితే కొబ్బరికాయ కొడతానని ఎప్పుడూ అంటుంటారు గానీ, మాట వరసకే."

అనకుండా ఉండాల్సింది. బావ మొహం అప్పుడే పెట్రోమాక్స్ దీపంలా వెలిగింది. కొబ్బరి చిప్ప సాక్ష్యం నంబరు రెండు అయింది.

"ఇక శాస్త్రీయ పరీక్ష," అంటూ మిషన్‌లోంచి క్యాసెట్ పీకాడు. "నిర్దోషి అయినా వేలిముద్రలుంటాయి. దేవరాజ్ షాపులో భూతద్దం ఉంటది. సాయంత్రం నాలుగింటికి అందరూ ఈ గదిలో ఉండాలి. పక్కింటావిడతో సహా. నేరం ఒప్పుకుంటే సరి. లేదా, ఈ స్క్రూడ్రైవరుతో డబ్బా పొట్ట కోసి నిజం బయటికి లాగుతా."

శాంతయ్య లేచి కూచున్నాడు. "విప్పుతావా? నేను కొట్టు నడిపినన్నాళ్ళూ దాని పొట్ట ఎవరూ కొయ్యలేదు."

"నిజం కోసం తప్పదు బావా."

శాంతయ్య చెయ్యి చాపి డబ్బా ఎక్కడుందో తడుముకుని, దాని మీద అలాగే ఉంచాడు. వదిన నా వంక చూసింది. నేను నేల వంక చూశాను.

క్యాసెట్ నా బండి ట్యాంకు కవరు అరలోకి వెళ్ళింది. దేవరాజ్ షాపు షట్టరు వేసి ఉంది. భోజనానికి వెళ్ళాడని పక్క కొట్టతను చెప్పాడు. భోజనమన్న మాట వినపడగానే బావ విచారణ మరో మలుపు తిరిగింది. ఎదురుగా బిర్యానీ హోటలుంది. బండి బయట ఎండలో పెట్టి లోపల కూచున్నాం.

"ఖాళీ కడుపు మీద మెదడు పనిచేయదు బావా," అంటూ రెండు ప్లేట్లు తిన్నాడు. దాని మీద నెయ్యి వేయించుకున్నాడు. ఆ మెదడుకి గంటన్నర పట్టింది.

బయటికొచ్చేసరికి బండి సీటు మీద చెయ్యి పెట్టలేకపోయాం. నల్ల రెక్సిన్ ట్యాంకు కవరైతే పెనంలా కాలుతోంది. బావ అరలో చెయ్యి పెట్టి క్యాసెట్ తీసి, "అబ్బా" అని వదిలేసి, మళ్ళీ పట్టుకున్నాడు. అప్పుడు ఆయన మొహం మారింది. క్యాసెట్ వెనక పక్కంతా జిడ్డు. కారి, పళ్ళున్న సందులోకి కూడా దిగి, వేళ్ళకి అంటుతోంది.

ఆయన తన కుడిచెయ్యి వంక చూసుకున్నాడు. క్యాసెట్ వంక చూశాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"బావా. నెయ్యి."

"ఏంటి?"

"నా చేతిది. సబ్బు లేదు హోటల్లో, ఉత్త నీళ్ళతో కడిగా. సాక్ష్యానికి నెయ్యి అంటింది. ఇది బయటపడితే నా ఇరవై రెండేళ్ళ పేరు ఏమవ్వాలి? నీ కర్చీఫ్ ఇటియ్యి."

"కడిగినాక అంత నెయ్యి..."

"ఇటియ్యి అంటున్నానా!"

ఇచ్చాను. నా బండి పెట్రోలు మూత తీసి, నా కర్చీఫ్ అంచు ముంచి, హోటల్లో పళ్ళు కుట్టుకోడానికి తెచ్చుకున్న పుల్లకి చుట్టి, ఆ క్యాసెట్ పళ్ళని ఒక్కొక్కటే తోమాడు. మా బావని నలభై ఏళ్ళుగా ఎరుగుదును. ఏ పనీ అంత శ్రద్ధగా చేయగా చూడలేదు. పున్నమ్మగారి నేరం పట్టుకోడానికి పట్టిన చెమట కంటే, తన నేరం కడుక్కోడానికి పట్టిన చెమట ఎక్కువ. చివరికి ఉఫ్ఫున ఊది, ఎండకి పట్టి చూసి, కర్చీఫ్ నాకిచ్చాడు.

"ఈ ఒక్క సంగతి మాత్రం మనిద్దరి మధ్యే సమాధి అవ్వాలి."

నీడలోకొచ్చాక నేను కర్చీఫ్ విప్పి చూశాను. జిడ్డు గడ్డకట్టింది. తెల్లగా, పొరలు పొరలుగా. గోటితో గీకితే పొట్టులా లేచింది. మే నెల ఎండలో నందిగామలో నెయ్యి గడ్డకట్టదు. నేను కర్చీఫ్ మడిచి జేబులో పెట్టుకున్నాను. చెప్దామనే నోరు తెరిచాను. అప్పటికే బావ, భూతద్దం మాటే ఎత్తకుండా, బండెక్కి అద్దం కర్ర నిలబెట్టేశాడు.

నాలుగింటికి గదిలో అందరం ఉన్నాం. శాంతయ్య మంచం అంచున, చెయ్యి డబ్బా మీద. వదిన ఆయన పక్కన. పున్నమ్మగారు కుర్చీలో, చీర కొంగుతో విసురుకుంటూ. నేను గోడకి ఆనుకుని. బావ మధ్యలో స్టూలెక్కాడు. ఎందుకెక్కాడో తెలియదు. గది చిన్నది, అందరికీ కనపడుతూనే ఉన్నాడు.

"ఈ గదిలో ఉన్నవాళ్ళల్లోనే ఒకరు," అన్నాడు, ఒక్కొక్కరి మొహమూ చూస్తూ, "ఒక నోరులేని కోతి గొంతు నులిమారు."

"నోరులేని కోతికి గొంతెక్కడిదయ్యా?" అన్నారు పున్నమ్మగారు.

"ప్రశ్నలు నేనడుగుతా. సోమవారం మీ గుమ్మం ముందు కొబ్బరికాయ కొట్టారా, లేదా?"

"కొట్టా."

"ఆహా! రొద ఆగిన రోజునే! మొక్కు తీర్చుకున్నారన్నమాట!"

"మా మనవరాలు గీతాంజలి డిగ్రీ పాసయిందయ్యా. మూడోసారికి పాసయింది. కొట్టొద్దా మరి? నువ్వు పట్టుకున్న ఆ కర్రతో నీ బుర్ర కొట్టమంటావా?" ఆవిడ లేచారు. "ఆ రొద ఆగితే బాగుండునని అన్నా. పదేళ్ళ నుంచీ అంటున్నా. ఇప్పుడు ఆగింది కదా, ఏం సుఖపడ్డా? కోతి లేచిందంటే పదకొండు, ఎసరు పెట్టేదాన్ని. అది రెండో గొయ్యి పాట ఎత్తుకుంటే గంజి వార్చేదాన్ని. ఈ తొమ్మిది రోజుల్లో మూడుసార్లు అన్నం ముద్దయింది. శాంతయ్యగారూ, ఆ మాయదారి మిషన్ బాగు చేయించండి ముందు. ఖర్చులో సగం నేనిస్తా."

శాంతయ్య ఆవిడ గొంతొచ్చిన వైపు మొహం తిప్పాడు. ఆ సంగతి ఆయనకీ తెలియనట్టుంది.

బావకి ఎక్కడో పట్టు జారింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర క్యారేజీలో అన్నమే ఉంటే ఎలా ఉండేదో, అలా ఉంది మొహం. స్టూలు దిగాడు. స్క్రూడ్రైవరు తీశాడు. "నేరం ఒప్పుకోలేదు కాబట్టి, మాటిచ్చిన ప్రకారం..."

"బావా," అన్నాను నేను.

అందరూ నా వైపు తిరిగారు. నేను మాట్లాడటం అరుదు.

"విప్పే ముందు, సౌండు రాదని ఒకసారి అందరికీ చూపించు. సాక్షులుంటే బాగుంటది."

ఆయనకి ఆ మాట నచ్చింది. "రూబెన్ నా దగ్గర పని నేర్చుకుంటున్నాడు," అని వదినతో అని, క్యాసెట్‌ని కోర్టులో హత్యాయుధం ఎత్తినట్టు ఎత్తి, డబ్బాలో పెట్టి, స్విచ్ వేశాడు. "చూడండి! వినండి! శ్మశాన నిశ్శబ్..."

తొమ్మిది రోజులుగా వినపడుతుందేమోనని ఎవరికి వాళ్ళు టీవీ సౌండు పెంచుకుంటూ పోయారు. చివరిదాకా పెంచి ఉంది. కోతి ఒక్కసారిగా గావుకేక పెట్టింది. కిటికీ అద్దాలు అదిరాయి. బావ వెనక్కి ఎగిరి, స్టూలు మీద పడి, స్టూలుతో సహా అద్దం కర్ర మీద పడ్డాడు. అద్దం రెండు చెక్కలైంది. పున్నమ్మగారు "అయ్యో, బియ్యం కడగలేదు," అంటూ అలవాటుగా గుమ్మం దాకా పోయి, సాయంత్రమని గుర్తొచ్చి వెనక్కొచ్చి కూచున్నారు.

శాంతయ్య మాత్రం కదల్లేదు. చెయ్యి డబ్బా మీదే ఉంది. "రిమోటు," అన్నాడు. వదిన చేతిలో పెట్టింది. సౌండు తగ్గించబోతే, "ఉండనీ," అన్నాడు.

గోడ వంక తిరిగాడు. మొదటి గొయ్యి దూకాడు. పాము బుస్సుమంది, దాన్నీ దూకాడు. అరటిపండు టింగుమంది. ఏడో మెట్టు దాకా పోలేదు, మూడో మెట్టులోనే గొయ్యిలో పడ్డాడు. వేళ్ళు అలవాటు తప్పాయి. అయినా నవ్వుతున్నాడు.

ఈలోపు బావ లేచి, చొక్కా దులుపుకుని, తేరుకున్నాడు. ఆయన తేరుకునే వేగం వేరే ఎవరికీ లేదు.

"చూశారా? నేను స్టూలెక్కగానే నేరస్థుడు భయపడి, శబ్దాన్ని గుట్టు చప్పుడు కాకుండా తిరిగి ఇచ్చేశాడు. ఎవరని అడక్కండి. క్షమించేశా." పున్నమ్మగారి వంక ఉదారంగా చూశాడు. ఆవిడ ఆయన వంక ఎలా చూశారో రాయను. ఆ తర్వాత వీధిలో పోగైన నలుగురికి కేసు వివరించడానికి బయటికి వెళ్ళాడు. పున్నమ్మగారు వెనకే వెళ్ళారు, ఆ వివరణ సరిదిద్దడానికి.

గదిలో ముగ్గురం మిగిలాం. శాంతయ్య స్విచ్ తీసి, క్యాసెట్ బయటికి లాగి, వెనక పక్క బొటనవేలితో నిమిరాడు. మళ్ళీ నిమిరాడు. సందులోకి వేలు పోనిచ్చి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"పెట్రోలు," అన్నాడు. "బొట్టు లేదు."

వదిన గుండెల మీద చెయ్యేసుకుంది. ఆవిడ నా వంక చూసింది. నేను జేబులోంచి కర్చీఫ్ తీసి, మడత విప్పి చూపించాను. తెల్లటి పొట్టు. ఆవిడకి ఎక్కువ చెప్పక్కర్లేకపోయింది.

శాంతయ్య ఇదంతా చూడలేదు. చూడాల్సిన పనీ లేదు. "ఈ రకం మిషన్‌లో సౌండు తిన్నగా టీవీకి పోదు రూబెన్," అన్నాడు, కొట్టులో పిల్లలకి చెప్పినట్టు. "క్యాసెట్‌లోకెళ్ళి, మధ్యలో ఉన్న రెండు పళ్ళ మీదుగా వెనక్కొస్తది. ఆ రెండిటికీ పొర పట్టిందంటే బొమ్మ ఉంటది, మాట ఉండదు. నాకు తెలుసు ఆ సంగతి. పొడిగుడ్డకి రాని పొర ఏమై ఉంటదబ్బా అని ఆలోచించా గానీ, నా చేతి కింద రోజూ తగిలే ఆ బొట్టు మైనమే కారిందనుకోలేదు."

"నావల్లేనండీ," అంది వదిన. "మీకు సులువుగా ఉంటదని..."

"నాకు తెలుసులే." ఆవిడ చెయ్యి ఎక్కడుందో వెతికి, క్యాసెట్ అందులో పెట్టాడు. "ఈసారి మైనం వద్దు. పై చివర దారం చుట్టు. ముడి వెనక పక్కకి రానీ."

వదిన కుట్టు డబ్బా తెచ్చుకుంది. సూదిలోకి కాదు గనక దారం ఎక్కించక్కర్లేదు గానీ, ముడి వెయ్యడానికే ఆవిడకి చాలాసేపు పట్టింది. కళ్ళు కనపడట్లేదన్నట్టు తుడుచుకుంటూ వేసింది.

తిరుగుదారిలో ఎండ తగ్గింది. బావ వెనక కూచుని కీర్తిని నెమరేసుకుంటున్నాడు. చేతిలో కర్ర ఉంది, చివర అద్దం లేదు. నందిగామ ఊరు దాటాక అడిగాడు.

"ఇంత పెద్ద కేసు ఛేదించా. ఒక్క మాటా అనవేంటి బావా?"

జేబులో కర్చీఫ్ గట్టిగా తగులుతోంది. ఆలోచించాను. నాకు మాట దొరికేసరికి చిల్లకల్లు టోల్‌గేటు కనపడుతోంది.

"బిర్యానీ బాగుంది బావా," అన్నాను.